పదిహేడో నంబరు బిళ్ళ

నేను ఒక ఇత్తడి బిళ్ళను. పాత రూపాయి కాసంత ఉంటాను. వెనక సూది, దాని కింద 17 అన్న అంకె. ఒకచోట కుదురుగా ఉండడం నా ఒంటికి పడదు. నన్ను చేసిన కంసాలి సూదిని కాస్త వంకరగా అతికాడు, అందుకని ఎవరికైనా ఇట్టే గుచ్చుకుంటాను.

కాకినాడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో అక్కచెల్లెళ్ళ సంఘం ఉంది. కాలేజీ విడిచే పిల్ల తన బిళ్ళను కొత్తగా చేరిన పిల్లకు పెట్టాలి. అంతటితో వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళు. సొంత చెల్లెలికి కార్డు ముక్కయినా రాయనివాళ్ళు ఈ చెల్లెలికి పేజీలకు పేజీలు రాసేవారు. మనుషుల వరస నాకెప్పటికీ అర్థం కాదు. మూడేళ్ళకో భుజం మారుతూ నేను మాత్రం హాయిగా తిరిగాను.

1963లో హైమవతి ఓణీ మీదికి వచ్చి చిక్కుకుపోయాను. రెండో ఏడాది మధ్యలో ఆమెకు పెళ్ళి చేశారు. చదువు మానేసినవాళ్ళు బిళ్ళ తిరిగి ఇచ్చెయ్యాలని సంఘం నియమం. ఆమె ఇవ్వలేదు. పెట్టెలో చీరల అడుగున దాచి అత్తవారింటికి పట్టుకుపోయింది. అరవై ఏళ్ళు గుండీల డబ్బాలో పడి ఉన్నాను. నా వెనక రావలసిన చెల్లెళ్ళంతా ఏమైపోయారోనని ఎంత కొట్టుకున్నానో! ఆవిడేమో ఇంట్లో అందరికీ, "మూడేళ్ళూ సంఘంలో ఉన్నాను" అని చెప్పుకునేది.

పోయినేడు కూతురి కూతురు స్ఫూర్తి అదే హాస్టల్లో చేరింది. హైమవతి నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"రిజిస్టర్లో నా పేరుందో లేదో చూసి చెప్పవే. ఇన్నాళ్ళూ అడగడానికి ధైర్యం చాల్లేదు."

స్ఫూర్తి పాత రిజిస్టరు తీయించి "ఓలేటి హైమవతి" కోసం మూడుసార్లు వెతికింది. లేదు. సంఘం సెక్రటరీ కరుణ జాలిగా చూసింది.

"మీ అమ్మమ్మగారు ఏదో సరదాకి చెప్పుంటారులే."

ఓలేటి అత్తవారి ఇంటిపేరు! పెళ్ళికి ముందు రాసిన పుస్తకంలో ఎలా ఉంటుంది? నోరుంటే అరిచేదాన్ని. కాసేపటికి స్ఫూర్తికీ తట్టింది. తల్లికి ఫోను చేసింది.

"అమ్మమ్మ పుట్టింటిపేరేంటమ్మా?"

"అదీ... ఏదో ఉందే... ఉండు, మావయ్యనడిగి చెప్తాను."

కన్నతల్లి పుట్టింటిపేరుకు ఇంత తడుముకోవడమా! స్ఫూర్తి చిరాకుగా నేనున్న పిడికిలి బిగించింది. నేను కసుక్కున గుచ్చాను. నన్ను తిప్పి చూసి, ఈసారి అంకెల వరసలో వెతికింది.

17. పేరూరి హైమవతి. పేరు మీదుగా ఎర్రసిరా గీత. పక్కన "తొలగించడమైనది" అని ఉంది. కరుణ తల తిప్పుకుంది.

స్ఫూర్తి అమ్మమ్మకు ఫోను చేసింది.

"అమ్మమ్మా, నీ పేరుంది."



"కొట్టేసుంటారు కదే?"

ఈ పిల్ల అబద్ధం చెబుతుందేమోనని భయపడ్డాను. నిజం చెబుతుందేమోననీ భయపడ్డాను.

"కొట్టేశారు. కానీ చదవడానికొస్తోంది."

"అయితే ఓసారి చదువు."

"పేరూరి హైమవతి."

"మళ్ళీ చదవ్వే," అంది ముసలావిడ. "నన్నా పేరుతో పిలిచి అరవయ్యేళ్ళయింది."