రెండంగుళాల లోతు

గుప్… గుప్… గుప్…

చెరువు నిండా నోళ్ళు.

మబ్బు పట్టిన తెల్లవారుజాములో కొల్లేటి చుట్టూ ఉన్న చేపల చెరువులన్నీ ఇలాగే ఉంటాయి. నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చేపలు పైకి తేలతాయి. మూతులు బయటపెట్టి గాలి తాగుతాయి. వేల నోళ్ళు — ఒకే చప్పుడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆదిలక్ష్మి వింటున్న చప్పుడే అది. ఈ నాలుగు నెలలుగా మాత్రం అది చెవిన పడితే చాలు, అరచేతులకు చెమట పడుతోంది.

గాలి కోసం అలా నోరు తెరిచిన మనిషిని ఆమె చూసింది. ఆ మనిషి రొమ్ము మీద ఈ రెండు చేతులే పెట్టింది.

మనిషి బతకలేదు.

*

కొల్లేటి నడుమ ఉన్న ఈ లంకలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే 108 బండి వంతెన దాకానే వస్తుంది. వానాకాలం కొల్లేరు పొంగితే, వంతెనకూ లంకకూ మధ్య రోడ్డు నీళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. భీమడోలు వైపు నుంచి బండి రావడానికి అరగంట. ఒక్కోసారి ముప్పావుగంట.

ఆ అరగంట ఎవరిది?

ఎవరిదీ కాదు. అందుకే ముగ్గురు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు.

పోలయ్యది పడవ. చర్చివీధి బెంజమిన్ మాస్టారిది ఫోనూ, మందుల సంచీ. ఆదిలక్ష్మివి చేతులు.

జీతం లేదు, భత్యం లేదు. ఏలూరులో రెండు రోజులు రబ్బరు బొమ్మ మీద నేర్చుకున్న విద్య, అంతే. రొమ్ము మధ్యలో నొక్కాలి. రెండంగుళాలు దిగాలి. ముప్పైసార్లు నొక్కి, రెండుసార్లు ఊపిరి పోయాలి. మళ్ళీ ముప్పై. బండి వచ్చేదాకా.

లెక్కపెట్టమంటే ఆదిలక్ష్మి “లాభం, రెండు, మూడు” అని మొదలెట్టింది. చేపపిల్లల్ని గిన్నెలతో కొలిచి బతికే మనిషి. మొదటి గిన్నెను ఒకటి అని ఎవరంటారు? పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేర్పే నర్సమ్మ నవ్వలేదు.

“ఏదైనా ఫర్వాలేదమ్మా. ముప్పై తప్పకపోతే చాలు.”

ఇంకో మాట కూడా చెప్పింది. ఎముక విరగొచ్చు, భయపడొద్దు, ఆపొద్దు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. ఆగిన గుండె దానంతటది కొట్టుకోదు.

అందరూ తలలూపారు. తలూపడానికేం? రబ్బరు బొమ్మకు ఎముకలుండవు.

*

జగ్గారావుకు ఉన్నాయి.

ఎండలు ముదిరే రోజుల్లో, చేపలు లారీకెత్తే పాక దగ్గర, నిలువునా కూలిపోయాడు. ఎదురింటి మనిషి. వీరలక్ష్మి భర్త. ఆదిలక్ష్మిని “అక్కా” అని పిలిచేవాడు.

లాభం, రెండు, మూడు…

మూడో నిమిషంలో ఆమె అరచేతి కింద ఒక చప్పుడు. ఎండుపుల్ల విరిగినట్టు. చిన్న చప్పుడే. అయినా ఆమె ఆపలేదు. ఇరవై నిమిషాలు ఆపలేదు. ఒళ్ళంతా నీరైపోయింది, కళ్ళు బైర్లు కమ్మాయి. ఆపలేదు.

అతను తిరిగి రాలేదు.

స్నానం చేయించేటప్పుడు వీరలక్ష్మి చూసింది — రొమ్ము నడిమధ్యన, నల్లగా కమిలిన అరచేతంత మచ్చ.

“నా మొగుణ్ణి గుండెపోటు చంపలేదు. ఆవిడ చేతులు చంపేసినియ్యి.”

వీరలక్ష్మి అన్నది ఒక్కసారే. ఊరు వందసార్లు అంది. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టలేం కదా.

అప్పటి నుంచీ ఎదురింటి నుంచి “వదినా” అన్న పిలుపు లేదు. కుళాయి దగ్గర ఆదిలక్ష్మి వస్తే వీరలక్ష్మి సగం బిందెతోనే వెళ్ళిపోతుంది. ఏ తిట్టు తిట్టినా ఆదిలక్ష్మి పడేది. ఆ సగం బిందెను మాత్రం తట్టుకోలేకపోయింది.

రాత్రుళ్ళు చేతులు చూసుకునేది. నిజంగానే నేనేనా? నెమ్మదిగా నొక్కి ఉంటే… ఇంకాస్త నెమ్మదిగా…

అలా నొక్కి ఉంటే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. తెలిసినా భయం పోలేదు. భయానికి చదువు రాదు.

*

ఈ రోజు ఆ చేతులకు సన్మానం.

సామాజిక భవనం ముందు షామియానా. తాడేపల్లిగూడెం నుంచి తెచ్చిన మూడు శాలువాలు. ఆ ఉక్కలో శాలువా కప్పించుకోవడం కంటే శిక్ష ఇంకోటి లేదు. అయినా మన దగ్గర మెచ్చుకోవాలంటే ఉన్నది శాలువా ఒక్కటే. మెచ్చుకునేవాడికి చల్లగా ఉంటే చాలు.

రానంది ఆదిలక్ష్మి. బెంజమిన్ మాస్టారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

“మీరు రాకపోతే ఏం బాగుంటుందండీ? పోయినేడు పాముకాటు ముసలాయన్ని దక్కించలేదా? కాన్పు మనిషిని గట్టు చేర్చలేదా? అవన్నీ లెక్కలోకి రావా?”

రావు. ప్రాణాల విషయంలో మనసు లెక్క వేరు. దక్కినవాటిని మరిచిపోతుంది, దక్కనిదాన్ని పట్టుకుని కూర్చుంటుంది.

వెళ్ళింది. కుర్చీ అంచున కూర్చుంది. చేతులు కొంగు కింద దాచుకుంది. మైకులో ఎవరో పెద్దమనిషి — ఈ చేతుల్లో దేవుడున్నాడు — అంటున్నాడు.

నేల చీలితే బాగుండుననిపించింది ఆమెకు.

జనంలో వీరలక్ష్మి ఉందేమోనని వెతికింది. లేదు. హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

మబ్బు విడవలేదు. సన్నగా తుంపర మొదలైంది.

అప్పుడు మోగింది బెంజమిన్ మాస్టారి ఫోను.

ఆయన చూసుకున్నారు. విన్నారు. ముఖం పాలిపోయింది. లేచారు. పోలయ్య కూడా లేచాడు. శాలువాలు పళ్ళెంలోనే ఉండిపోయాయి.

“ఎవరికండీ?” అనడిగింది ఆదిలక్ష్మి, వెనకాలే పరుగెడుతూ.

ఆయన నాలుగు అడుగులు పోయాక చెప్పారు.

“లక్ష్మీదుర్గకండి. చెరువు మీద కరెంటు కొట్టింది. వీరలక్ష్మిగారే ఫోను చేశారు.”

జగ్గారావు కూతురు. ఆదిలక్ష్మి కొంగు నడుముకు బిగించి పరుగు పెంచింది.

*

పంతొమ్మిదేళ్ళు లక్ష్మీదుర్గకు. ఏలూరులో డిగ్రీ. తండ్రి పోయాక చెరువు ఆ పిల్ల మీద పడింది. చేపలు తేలాయని చూసి, నీళ్ళు చిమ్మి గాలి పట్టించే మోటారు వేయబోయింది. కాళ్ళు తడి. స్విచ్చుల పెట్టె తడి. తీగకు ఎక్కడో తొడుగు పోయింది.

తండ్రి ఉంటే ఆ పిల్ల అక్కడ ఉండేది కాదు.

ఈ మాట ఆదిలక్ష్మికి ఎవరూ చెప్పలేదు. గట్టు మీద పరుగెడుతుంటే మాట కూడా తనతోపాటే పరుగెత్తింది.

“కరెంటు తీశారా?” అని కేక వేశారు బెంజమిన్ మాస్టారు.

తీసింది వీరలక్ష్మి. ఫీజు పీకి చేతిలోనే పట్టుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

పిల్ల గట్టు మీద వెల్లకిలా పడి ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు అరికాళ్ళు రుద్దుతున్నారు. పెదాలు నీలం. రొమ్ము కదలడం లేదు.

ఊపిరి లేదు.

నాడి… లేదు.

ఆదిలక్ష్మి మోకాళ్ళ మీద కూలబడింది. చేతి మీద చెయ్యి వేసింది.

లాభం. రెండు. మూడు…

అరంగుళం.

నాలుగు. అయిదు…

అంగుళం. అక్కడితో చేతులు ఆగిపోతున్నాయి.

ఇంకొంచెం దిగితే ఆ చప్పుడు వస్తుంది. తల్లి కళ్ళెదుటే వస్తుంది. కిందిసారి వినని మనిషి ఈసారి వింటుంది. చేతుల్ని ఎంత తొయ్యబోయినా భుజాలు ఒప్పుకోవడం లేదు.

మాస్టారు తన సంచీలోంచి తీసిన తొడుగుతో పిల్ల ముక్కూ నోరూ కప్పి, ఊపిరి పోసే రబ్బరు బుడ్డి నొక్కుతున్నారు. భుజానికీ చెవికీ మధ్య ఫోను — 108 వాళ్ళకు దారి చెబుతున్నారు. ఆ మధ్యలోనే, మెల్లగా, ఎవరికీ వినపడకూడదన్నట్టు —

“లోతు చాలడం లేదండి.”

తెలుసు. తెలుసు. తెలుసు.

పద్దెనిమిది. పంతొమ్మిది…

దేవుడా, ఈ చేతులు నావి కాకపోయినా బాగుండును.

“నేను మారనా అండి?” అన్నారు మాస్టారు.

జవాబు చెప్పేలోపే ఎదురుగా ఎవరో మోకాళ్ళు వాల్చారు. బురద చిందింది. ఆదిలక్ష్మి తలెత్తలేదు. గాజులు లేని ముంజేతులు మాత్రం కనపడ్డాయి.

ఆ చేతులు వచ్చి ఆమె చేతుల మీద పడ్డాయి.

“ఎంత దిగాలి?” అంది వీరలక్ష్మి.

“రెండంగుళాలు.”

వీరలక్ష్మి నొక్కింది. నాలుగు చేతులూ కలిసి దిగాయి.

ఒకటోసారి. రెండోసారి. మూడోసారి —

టక్.

చిన్న చప్పుడే. ఇద్దరికీ వినపడింది.

వీరలక్ష్మి చేతులు బిగుసుకుపోయాయి. ఆదిలక్ష్మి చేతులు ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఆమెకే తెలియదు. భయపడ్డది జరిగిపోయాక ఇక భయపడటానికేం మిగల్లేదేమో.

“వదినా… విరిగింది.”

“విరిగింది. ఆపకూడదమ్మా.”

ఇరవై ఆరు. ఇరవై ఏడు.

*

గట్టు మీది కాపలా పాక తలుపు ఊడబీకి దాని మీద పిల్లను పడవలోకి ఎక్కించారు. ఎత్తేటప్పుడు ఆపింది పది లెక్కలు. ఆ పదీ ఆదిలక్ష్మి మనసులో ముళ్ళలా దిగాయి.

పోలయ్య ఇంజను లాగాడు. అది అందుకుంది.

తుంపర వానైంది. కొల్లేరంతా ఒకటే బూడిదరంగు — నీళ్ళెక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. వంతెన కనపడదు. ఉంటుంది. ఉండాలి.

లాభం, రెండు, మూడు…

సగం దారిలో ఇంజను మూలిగి ఆగింది. నీళ్ళలో తిరిగే పంకాకు గుర్రపుడెక్క మొక్కలు చుట్టుకున్నాయి. పోలయ్య ఇంజను ఎత్తి పడేసి గెడ అందుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. గెడ దింపుతాడు, తోస్తాడు, లాగుతాడు. దింపుతాడు, తోస్తాడు, లాగుతాడు. మెడ మీద నరాలు తాళ్ళయ్యాయి.

ఎవరు మెచ్చుకోవాలి ఈయన్ని? దేంతో మెచ్చుకోవాలి?

మాస్టారు ఊపిరి పోస్తున్నారు. రెండు. ఆగి. మళ్ళీ ముప్పై.

ఆదిలక్ష్మి నొక్కి నొక్కి అలిసినప్పుడు మాస్టారు, మాస్టారు అలిసినప్పుడు ఆమె. వీరలక్ష్మి కూతురి తల రెండు చేతులతో పట్టుకుని వానకు అడ్డంగా వంగి ఉంది.  కూతురి ముఖంలోకే చూస్తూ అడిగింది.

“ఆయనకూ ఇలాగేనా?”

“ఇలాగే.”

“అప్పుడూ… ఆ చప్పుడొచ్చిందా?”

“వచ్చింది.”

“అయినా ఆపలేదా నువ్వు?”

పదకొండు. పన్నెండు. పదమూడు.

“ఆపలేదు.”

 వాన గట్టిగా పడుతోంది. ఆదిలక్ష్మి ముఖం మీది నీళ్ళు వానవో కావో ఆమెకూ తెలియదు. నాలుగు నెలలుగా తనను ఎవరూ అడగని ప్రశ్న అది. అడగాల్సిన మనిషే అడిగింది. ఈ వేళప్పుడా అడిగేది, తల్లీ… కూతురి ప్రాణం బేరం పెట్టా…

ఈ పిల్లను దక్కించు. నన్ను ఏమన్నా పడతాను. మళ్ళీ అననీ, జన్మంతా అననీ. ఈ పిల్లను మాత్రం —

ఇరవై తొమ్మిది. ముప్పై.

*

వంతెన.

నీలం దీపం వానలో తిరుగుతోంది. ఇద్దరు మనుషులు మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చారు. పిల్లను తలుపుతోసహా లాగారు. ఒకాయన చొక్కా కత్తిరించి, రొమ్ము తుడిచి, రెండు అట్టల్లాంటివి అతికించాడు. వాటి తీగలు చిన్న పెట్టెలోకి పోతున్నాయి.

“ఎంతసేపటి నుంచి చేస్తున్నారండి?”

“ముప్పై నాలుగు నిమిషాలండి,” అన్నారు బెంజమిన్ మాస్టారు.

ఆయన తలెత్తి చూశాడు. “ఆపకుండానా? ఎవరండీ?”

మాస్టారు నోరు తెరిచేలోపే వీరలక్ష్మి చెప్పింది.

“మా వదినండి.”

పెట్టె ఏదో కూసింది.

“ఇక చేతులు తీసెయ్యండి. ఎవరూ పిల్లను ముట్టుకోకండి. షాక్ ఇస్తే గుండె తిరిగి కొట్టుకుంటుందో లేదో మిషన్ చూస్తోంది.”

మాస్టారు వెనక్కి జరిగారు. తల్లి తల వదిలింది. అందరికంటే చివర ఆదిలక్ష్మి చేతులు పైకి లేచాయి. గాలిలో నిలిచాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు వాటికి. 

వీరలక్ష్మి ఆ రెండు చేతుల్నీ అందుకుంది. వాటిని తన ఒడిలోకి లాక్కుని, రెండు గుప్పిళ్ళ మధ్య గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది.

పోలయ్య గెడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎవరి ఊపిరీ కదలడం లేదు. కొల్లేటి మీద వాన పడుతున్న చప్పుడొక్కటే.

మిషన్ చూస్తోంది.

ఇంకా చూస్తోంది…