గోడవతల పిలుపు

షిఫ్టు మారే వేళ షెడ్డు తలుపు తీసి మొదట చూసింది నేనే. కొలిమి పక్కన తిరుపాల్ బోర్లా పడి ఉన్నాడు. ప్రాణం పోయి చాలాసేపయింది. అతను పడిపోవడం కెమెరా చూసింది. ఆ కెమెరాను చూసేవాడే లేడు.

ఆదోని బయట, ఎమ్మిగనూరు రోడ్డులో మా ఫ్యాక్టరీ. అల్యూమినియం కరిగించి కార్ల భాగాలు పోస్తాం. పాత బొగ్గు కొలిమి దగ్గర గుంపుగా దగ్గుకుంటూ, తిట్టుకుంటూ, ఒకరి సీసాలో నీళ్లు ఒకరు తాగుతూ బతికాం. తర్వాత కరెంటు కొలిమి వచ్చింది. పొగ లేదు, ఖర్చు తక్కువ, పోసిన వస్తువు గట్టి. మంచిదే. ఆ మంచినంతా సేటు జేబులో వేసుకున్నాడు. షిఫ్టుకు ఒక్కణ్ణి ఉంచి తక్కినవాళ్లను ఇంటికి పంపాడు.

తోడుగా ఇంకో మనిషిని పెట్టమని ఎన్నిసార్లు అడిగామో. "కెమెరా ఉంది కదయ్యా" అనేవాడు మేనేజరు.

తిరుపాల్‌ను పూడ్చిన సాయంత్రం కోసిగిలో అతని ఇంటి ముందు కూర్చున్నాం.

"ఆ కొలిమిని పగలగొడదాం పాండి" అన్నాడు పని పోయిన నరసన్న.

తిరుపాల్ భార్య జయమ్మ తలెత్తింది. "కొలిమి ఏం సేసిందన్నా? పొగ లేదని మా ఆయప్ప సంబరపడినాడు. పక్కనున్న మనిషిని తీసేసినోళ్లు యాడుండారో ఆడికి పోదాం."

నావైపు తిరిగింది. "బావిలేకి మనిషి దిగితే పైనోళ్లు పిలుస్తానే ఉంటారు గదా దేవేంద్రప్పన్నా. రేపు నువ్వు లోపలికి పో. మేం గోడ బయటుండి పిలుస్తాం. పలక్కపోతే గేటు ఇరగ్గొట్టుకోని వస్తాం."

మర్నాడు నేను లోపలికి వెళ్లగానే తలుపు మూసుకుంది. మనిషి గొంతు లేని ఆ షెడ్డంటే నాకు భయం. చెప్పుకోవడానికి సిగ్గులేదు.

"దేవేంద్రప్పన్నా!"

"ఉండా!"

పొద్దున్నుంచీ పిలుస్తూనే ఉన్నారు. పలికాను. మధ్యాహ్నం పోలీసు వ్యాను వచ్చింది. బయట పెనుగులాట, జయమ్మ కేక వినిపించాయి. వ్యాను వెళ్లిపోయింది.

తర్వాత ఎవరూ పిలవలేదు. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఏడుపొచ్చింది.

"దేవేంద్రప్పన్నా!"

ఈసారి పక్క ఫ్యాక్టరీ వైపు గోడ నుంచి. ఎన్నడూ వినని గొంతు.

"ఉండా! ఎవురప్పా నువ్వు?"

"పొద్దున్నుంచి ఇంటాండాను. నేనూ ఈడ ఒక్కన్నే."

"పేరేంది?"

"సామ్సన్."

గోడకు నోరు దగ్గరపెట్టి పిలిచాను. సామ్సన్ పలికాడు. అతని ఆవలి షెడ్డులోంచి, సన్నగా, ఇంకెవరో తన పేరు చెబుతున్నారు.