గోంగూరలో బెల్లం

నేను ఒక వంటల మాసపత్రికను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ పత్రికలో ఒక సంచికను, ఆ సంచికలో ఒక ప్రతిని. నా పేరు 'అత్తెసరు'. నవ్వకండి. బియ్యానికి సరిపడా నీళ్లు పోసి, గంజి వార్చకుండా వండే అన్నాన్ని అత్తెసరు అంటారని మా సంపాదకురాలు మాణిక్యాంబ గారు ముచ్చటపడి పెట్టుకున్న పేరు అది. చదివేవాళ్లకు మాత్రం అత్తెసరు మార్కులే గుర్తొచ్చేవి. "పేరుకు తగ్గట్టే ఉందండి మీ పత్రిక" అని మొదటి నెలలోనే ఒకాయన ఉత్తరం రాశాడు. ఆవిడ దాన్నీ అచ్చు వేసింది.

పుట్టింది పాలకొల్లులో, శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న ప్రెస్సులో. ముహూర్తాలు దండిగా ఉన్న నెలల్లో మమ్మల్ని పట్టించుకునే నాథుడు ఉండేవాడు కాదు. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే మాత్రం వేళకు బయటపడేవాళ్లం. శుభలేఖలకు కలిపిన పసుపు రంగు మిగిలిపోయిందని నా అట్టకు వాడేశారు. దాంతో నా అట్ట మీది గుత్తివంకాయకు పచ్చకామెర్లు వచ్చాయి.

మా పత్రికలో వంటలకన్నా జనం ముందు తిప్పే పేజీ ఒకటుండేది. దాని పేరు 'తిన్నవాళ్ల మాట'. అందులో పాఠకుల అభిప్రాయాలు వేసేవారు. దానికి మాణిక్యాంబ గారు ఒక షరతు పెట్టింది. ఊరికే బాగుంది, బాగాలేదు అంటే వెయ్యదు. వండి చూసి, ఎవరు తిన్నారో కూడా రాయాలి. భీమవరం నుంచి ఒకావిడ, "మా ఆయన తిన్నారు. ఏమీ అనలేదు. అంటే బాగున్నట్టే" అని రాసింది. ఇంకొకావిడ, "మీ కొబ్బరి బూరెలు మా అత్తగారు తిన్నారు. రెండోది అడిగారు. నా కాపురంలో ఇదే మొదటిసారి" అని రాసి, కింద తన పేరు వెయ్యొద్దని బతిమాలుకుంది. మనుషులు కూర గురించి రాస్తున్నామనుకుంటూ ఇంటి గుట్టంతా రాసేస్తారని నాకు ప్రెస్సులో ఉండగానే అర్థమైంది.

నన్ను పోస్టులో నరసరావుపేట పంపారు. దర్జీ బ్రహ్మయ్య ఇంటికి. చందాదారు ఆయన కాదు, ఆయన భార్య శేషారత్నం. గోదావరి పక్కన పుట్టిన పత్రికకు పల్నాటి ఇంట్లో ఏం పని అంటారా? తప్పులు పట్టడం. ఆవిడ అందుకోసమే చందా కట్టింది. నాకంటే ముందొచ్చిన సంచికలు చెక్కపెట్టెలో వరసగా ఉన్నాయి. వాటి అంచులనిండా పెన్సిలుతో చీవాట్లు. "ఈ కారం పసిపిల్లలకా?" "వెల్లుల్లి ఏదీ?" "వంకాయను ఇంత హింస పెట్టాలా?" ఇన్ని రాసుకున్న మనిషి మాణిక్యాంబ గారికి ఒక్క ఉత్తరం ముక్క పంపలేదు. చెబితే మాత్రం వింటారా అనేదట.

నేను వచ్చేసరికి ఆ ఇల్లు అలా లేదు. శేషారత్నం టైఫాయిడ్ వచ్చి మంచాన పడింది. జ్వరమైతే దిగింది కానీ, పోతూ పోతూ నోటి రుచి పట్టుకుపోయింది. ఏది పెట్టినా మన్ను తిన్నట్టుందని రెండు మెతుకులకే చెయ్యి కడిగేసుకునేది. తరవాత ఆ మాట అనడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు బ్రహ్మయ్యను వరండాలోకి పిలిచి చెప్పాడు. "నా మందులు అయిపోయాయయ్యా. ఇక ఆవిడ తినాలి. ఏదైనా సరే, తినాలి. ఇలాగే ఉంటే మనిషి దక్కదు."

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. బ్రహ్మయ్యకు గుడ్డ కత్తిరించడం తప్ప ఇంకో పని రాదు. పక్కింటి మస్తాన్‌బీ పూటపూటకూ గిన్నె పట్టుకుని వచ్చేది. గిన్నె ఎలా వచ్చిందో అలాగే వెళ్లేది. నేను చుట్టిన కాగితం కూడా విప్పకుండా పెట్టె మీద పడి ఉన్నాను. ఎవరూ చదవని పత్రిక బతుకు ఎంత చేదుగా ఉంటుందో మీకు చెప్పలేను. ఆ మంచం మీది మనిషిని చూశాక నా బాధ గురించి తలుచుకోవడానికి సిగ్గేసింది.

ఒక రోజు మస్తాన్‌బీ తన పెరట్లో గోంగూర కోసుకొచ్చి గుమ్మంలో పెట్టింది. "వదినకి ఇదంటే పానం గదన్నా. నేను చేస్తే ముట్టట్లా. నువ్వు చేసి పెట్టి చూడు."

బ్రహ్మయ్య ఆకువైపు చూశాడు, పొయ్యివైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. నా చుట్టూ ఉన్న కాగితం చింపి, దుమ్ము దులిపి, షాపులో ప్యాటర్ను పుస్తకం పరుచుకున్నట్టు నన్ను నేలమీద పరిచాడు. పద్నాలుగో పేజీలో రాజోలు భాస్కరమ్మ గారి గోంగూర పులుసు ఉంది. దాన్ని ఆయన గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. మంచంలో ఆవిడ కదల్లేదు.

ప్రెస్సు నుంచి పోస్టుదాకా నేను చాలా చేతులు చూశాను. అంత భయభక్తులతో నన్ను పాటించిన చెయ్యి మాత్రం ఇంకొకటి లేదు. ఇచ్చిన కొలతకు అరంగుళం అటూఇటూ కాకుండా కత్తెర వెయ్యడం ఆయన జీవితమంతా చేసిన పని. ఉల్లిపాయలు సన్నగా తరగమంటే, ఎంత సన్నగానో నాలో లేదని కాసేపు ఇబ్బంది పడ్డాడు. చింతపండు అక్కర్లేదంటే వెయ్యలేదు. "చివరగా నిమ్మకాయంత బెల్లం వేసి దించుకోవాలి" అన్న చోటికి వచ్చి ఆగాడు. నిమ్మకాయలు చిన్నవీ పెద్దవీ ఉంటాయి కదా. మస్తాన్‌బీ ఇంటికి వెళ్లి ఒక నిమ్మకాయ అడిగి తెచ్చాడు. మెడలోని టేపు తీసి దాని చుట్టుకొలత చూశాడు. బెల్లం ముక్కను అదే కొలతకు చెక్కి పులుసులో వేశాడు.

రాజోలులో అది తప్పు కాదు. ఆ పక్కన పులుసన్నాక బెల్లం పడాల్సిందే. పల్నాట్లో గోంగూరలో బెల్లం వెయ్యడమంటే ఇంటిమీదికి గొడవ తెచ్చుకోవడమే. ఆ సంగతి పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. పళ్లెం ముందు కూర్చుని తినిపోయేవాడికి ఏం తెలుస్తుంది? ఆయనకు గోంగూర తినడమే వచ్చు.

అన్నం కలిపి, మంచం దగ్గరికి తీసుకెళ్లి, ముద్ద నోట్లో పెట్టాడు. శేషారత్నం కళ్లు మూసుకునే నమిలింది. నమలడం ఆపింది. మళ్లీ నమిలింది. కళ్లు తెరిచి ఆయన మొహంలోకి చూసింది.

"ఏందయ్యా ఇది?"

ఎన్నాళ్లకు వినపడిందో ఆ గొంతు. బ్రహ్మయ్య ఇంకో ముద్ద కలపబోయి ఆగాడు. "గోంగూరే."

"గోంగూరని నాకు తెలుసు. తియ్యగా ఏందంటున్నా. బెల్లం ఏశావా?"

"ఏశా. పుస్తకంలో ఉంది."

"ఏ పుస్తకంలో ఉంది? ఎవరు రాశారు? ఇటు తే."

నన్ను ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ లేచి కూర్చోలేకపోయింది. ఆయన ఆవిడ వీపు వెనక దిండు పెట్టాడు. భాస్కరమ్మ గారి పులుసు మొదటినుంచి చివరిదాకా చదివి, "రాజోలా, అట్ట చెప్పు" అంది. పెన్సిలు అడిగింది. అది దొరక్క ఆయన షాపులోకి పరిగెత్తి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తెచ్చాడు. సుద్దతో కాగితం మీద రాస్తారా అని దానికీ తిట్టింది. ఆయన తిట్టించుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. చివరికి మస్తాన్‌బీ ఇంట్లో పెన్సిలు దొరికింది.

ఆవిడ నా అంచున రాసింది. నీరసానికి అక్షరాలు వంకరపోయాయి. "గోంగూరలో బెల్లం వెయ్యరాదు. వండింది మా ఆయన. తిన్నది నేను."

బ్రహ్మయ్య ఆ చివరి రెండు మాటలూ వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. ఆవిడ మాత్రం మిగతా అన్నం ఏం చేస్తావ్, పారేస్తావా అని పళ్లెం లాక్కుంది. అది బాగాలేదని ముద్దముద్దకూ చెబుతూ సగం తినేసింది.

ఆ మర్నాటినుంచి నాకు పని పడింది. ఆయన నాలో ఏదో ఒకటి చదివి వండేవాడు. ఆవిడ మంచంలోంచి తిట్టేది. ఎలా చెయ్యాలో చెప్పేది. ఆయన మళ్లీ వండేవాడు, ఆవిడ తినేది. పోనుపోను ఆయన కావాలనే ఉప్పు మర్చిపోతున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది. ఆవిడకీ వచ్చింది. "చాల్లేవయ్యా, బాగానే ఉన్నా, ఇక సరిగ్గా వండు" అంది ఒకనాడు. ఆ నెలలోనే లేచి పొయ్యి దగ్గరికి వచ్చింది. బ్రహ్మయ్య మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. బెల్లం మీద ఆవిడ చెప్పిన మాటను ఆయనే కార్డు మీద ఎక్కించి పాలకొల్లు పంపితే 'తిన్నవాళ్ల మాట'లో అక్షరం మార్చకుండా వేశారు.

కొన్నేళ్లకు మాణిక్యాంబ గారు పెద్దదైపోయి పత్రిక ఆపేసింది. పెట్టెలోని నా అన్నదమ్ములు చెదలు పట్టి కొందరు, బజ్జీల బండికి కొందరు వెళ్లిపోయారు. నేను మాత్రం వంటింటి గూట్లో ఉండిపోయాను. శేషారత్నం నన్ను అప్పుడప్పుడు దించి, ఒక పేజీ తీసి, అచ్చయినదాన్ని కొట్టేసి పక్కన ఏదో రాసి పెట్టేది. నా మీద అంత మమకారం ఎందుకో అనుకుని నేను కాస్త గర్వపడ్డాను. వయసుతోపాటు గర్వం పోవాలంటారు కానీ, అచ్చు కాగితాలకు అది పోదు.

మొన్న గుంటూరు కాలేజీ నుంచి జ్యోత్స్న అనే అమ్మాయి వచ్చింది. మన ఊళ్లలో అచ్చయిన వంటల పత్రికల గురించి పాఠకుల అభిప్రాయాలు సేకరిస్తోందట. మస్తాన్‌బీ ఈ ఇల్లు చూపించింది. ఆ అమ్మాయి కుర్చీలో సర్దుకుని అడిగింది.

"ఈ పత్రిక గురించి మీ అభిప్రాయం ఏంటమ్మా? చాలా బాగుంది, బాగుంది, ఫరవాలేదు. ఈ మూడింట్లో ఏదో ఒకటి చెప్పండి."

"మూడూ కాదు. చెత్త పత్రిక" అంది శేషారత్నం. "గోంగూరలో బెల్లం ఏయమంటారు."

అమ్మాయి నవ్వి నన్ను చేతిలోకి తీసుకుంది. పేజీలు తిప్పుతూ ఆగింది. అంచులనిండా ఉన్న కొలతలు ఆమెకు అర్థం కాలేదు. "కోటు బొత్తామంత చింతపండు. టేపులో రెండంగుళాల అల్లం. చొక్కా బొత్తాలంత ముక్కలు. దారం రీలు ఎత్తున నీళ్లు." ఇంకోచోట, "ఇక్కడ మంట తగ్గించు. మిషను దగ్గరికి పోమాక."

"వంట బాగా వచ్చినవాళ్లు మీరు. ఇవన్నీ మీకెందుకమ్మా? చెత్త అంటున్న పత్రికను ఇన్నాళ్లు ఎందుకు దాచుకున్నారు?"

శేషారత్నం లేచింది. ముందుగదిలో మిషను చప్పుడు వినబడుతోంది. అది ఆగకుండా నడుస్తోందో లేదో ఒకసారి తొంగిచూసి వచ్చింది.

"ఆయనకి వంట రాదమ్మా" అంది గొంతు తగ్గించి. "పుస్తకంలో ఏది రాసుంటే అదే చేస్తాడు. నేను ముందు పోతే, బెల్లం ఏసుకుని తింటూ కూర్చుంటాడు. వద్దని చెప్పేవాళ్లెవరు?"

అమ్మాయి నన్ను మెల్లగా మూసి ఆవిడ చేతికిచ్చింది. ముందుగదిలో మిషను ఆగింది. "ఏమే, అన్నం అయిందా?" అని బ్రహ్మయ్య కేకేశాడు. శేషారత్నం నన్ను గూట్లో, ఆయన చెయ్యి అందే ఎత్తులో పెట్టి, వడ్డించడానికి వెళ్లింది.