హన్నా బైబిల్లోని కాగితం

సమాధుల తోటలో ఎవరికి గొయ్యి తవ్వినా మొదటి గడ్డపార దెబ్బ వెంకటేశం ఇంటివాళ్లే వెయ్యాలి. ఆ అరెకరం చర్చి సంఘానికి ఇచ్చింది ఆయన తాత. తరాలు మారినా ఆ ఊళ్లో పద్ధతి మారలేదు. ఆ రోజు కూడా పదింటికల్లా వెంకటేశం వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, గోడవారన ఒక్క దెబ్బ వేసి గడ్డపార పక్కన పెట్టాడు. గోతులు తవ్వే కిష్టప్ప పార అందుకున్నాడు.

గొయ్యి హన్నాకు. పెట్టె గేటు దగ్గర టెంటు కింద ఉంది. మేకులు కొట్టేశారు. ఆమె రోజూ చదివిన బైబిలును, అక్కడి ఆచారం ప్రకారం, ఆమె గుండెల మీదే ఉంచారు. ఉంచింది తమ్ముడు బర్నబా. బడిపంతులుగా రిటైరై, ఇప్పుడు సంఘపెద్దగా ఉన్న మనిషి.

మూడడుగుల లోతులో పార దేనికో తగిలి బోలుగా మోగింది. కిష్టప్ప మళ్లీ పొడిచాడు. మట్టిలోంచి నీలం ప్లాస్టిక్ తేలింది. పగిలిన చోటు నుంచి పసుపుపచ్చని నీరు ఉబికింది. ఆ ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్లు కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. కిష్టప్ప దగ్గుతూ పైకి ఎక్కాడు.

"ఒక్కటి గాదు సారూ. పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. వరుసగ పండవెట్టిండ్రు. మనోళ్ల లెక్కనే."

అవి మందుల కంపెనీల డ్రమ్ములని ఎవరూ చెప్పనక్కరలేదు. గుమ్మడిదల చుట్టుపక్కల పుట్టిన పసిపిల్లకు కూడా తెలిసిన వాసన అది. ఊళ్లోవాళ్లు కంపెనీలను తిట్టడం మొదలుపెట్టారు. రోడ్డు మీద కూర్చుందామన్నారు, కలెక్టరాఫీసుకు పోదామన్నారు. బర్నబా చెవికి ఒక్క మాటా ఎక్కలేదు.

రెండు వానాకాలాల కిందట తోటలో మోకాలిలోతు నీళ్లు నిలిచి సమాధులు కుంగిపోయాయి. అప్పుడొక లారీల సూపర్‌వైజరు వచ్చి, కొత్త షెడ్డు పునాదుల మట్టి ఊరికే పోస్తామన్నాడు. లారీలు చీకటి పడ్డాకే వస్తాయన్నాడు. బర్నబా తాళంచెవి ఇచ్చాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. పోసినదానికి ఇకమీదట బాధ్యత సంఘానిదేనని అందులో ఒక వాక్యం ఉంది. చదివాడు, మామూలేలే అనుకున్నాడు. నాలుగు రోజుల్లో తోట ఎత్తయింది. ఆదివారం ఆరాధనలో లేచి, దేవుడే మట్టి పంపాడని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రమన్నారు. ఏ కంపెనీ అని ఎవరూ అడగలేదు. ఆ కాగితంలో సంఘం ప్రతిని మాత్రం, తన ప్రార్థనకు జవాబని హన్నా అడిగి తీసుకుని బైబిల్లో దాచుకుంది. అది ఉందని ఇప్పుడు ఊళ్లో బర్నబా ఒక్కడికే తెలుసు.

వెంకటేశం నెమ్మదిగా అడిగాడు. "మట్టి ఏ కంపెనీది సారూ?"

"యాదికి లేదు పటేలా. ఎవడో లారీవాడు."

అప్పుడే గోడ అవతల వెంకటేశం బోరు మోటరు మోగింది. బోరు ఆ గోడకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. వెంకటేశం కూలిన గోడ సందులోంచి పరుగెత్తి స్టార్టరు బంద్ చేశాడు. బిందె నింపుతున్న కోడలు మహితకు ఏడో నెల. నీళ్లు పారబొయ్యమని, ఇగ ఒక్క చుక్క నోట్లో పొయ్యొద్దని మామ చెబుతుంటే, ఆమె గోడ మీదుగా గొయ్యి వైపు చూసింది.

"యాడాది సంది అదోతీరు వాసనొస్తుంటే కొత్త పైపుదనుకున్నం మామా," అంది. తర్వాత ఆమె చూపు పెట్టె మీద ఆగింది. "హన్నత్తకు దినాం రెండు బిందెలు ఇవే గదా పంపింది."

బర్నబా మట్టికుప్ప మీద కూలబడ్డాడు. ఫిల్టరు ప్లాంటు నీళ్లు తెప్పిస్తానంటే అక్క ఒప్పుకోలేదు. పటేల్ బోరు నీళ్లే తీపి అనేది. ఎనిమిది నెలల్లో ఆమె రెండు కిడ్నీలూ పోయాయి. ఏం తింటది, ఏం తాగుతదని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే, అందరు తాగేటియే అని చెప్పింది తనే. పిడికిట్లోకి వచ్చిన మట్టిని చూసుకున్నాడు. తను తెప్పించిన మట్టే.

ఆ కాగితం అక్కతో పాటే భూమిలోకి పోతే ఇక అడిగేవాడు లేడు.

లేచాడు.

"యాదికున్నది పటేలా. కాగితమున్నది. కంపెనీ పేరున్నది. కింద నా సంతకమున్నది."

"యాడున్నది?"

బర్నబా టెంటు వైపు చెయ్యి చూపించాడు. గుంపంతా అటు తిరిగింది.

వెంకటేశం గోడ దాటి వచ్చాడు. గొయ్యి అంచున పడి ఉన్న గడ్డపారను తీసి, మట్టి తుడిచి, బర్నబా చేతుల్లో పెట్టాడు.

"ఇది మీరే మొదలువెట్టాలె సారూ."

బర్నబా టెంటు కిందికి నడిచి, అక్క పెట్టె పక్కన మోకరించి, గడ్డపార మొనను మూత కిందికి దూర్చాడు.