రెండో తుమ్ము

మోటెల్ గదిలో వసుమతి కొండ వాతావరణం గురించి ఫోన్‌లో చెప్పే రికార్డింగును మళ్ళీ వింది. జలుబుతో చెవులు దిబ్బడ వేశాయి, మొదటిసారి తప్పు విన్నానేమో అనుకుంది. తప్పేం లేదు. రాత్రి కొండమీద కొత్తగా మంచు పడింది. మంచుచరియలు విరిగిపడే ప్రమాదం పొద్దున మోడరేట్, గాలి లేచాక మధ్యాహ్నానికి హై.

తమ ఊరు పిస్కాటవే నుంచి స్నేహితుల కుటుంబాలన్నీ కలిసి రెండు వ్యాన్లలో న్యూ హాంప్‌షైర్‌కి వచ్చారు. బయల్దేరే ముందు అందరికీ పులిహోర కలిపింది ఆమే. మేజోళ్ళు, మందులు సర్దిందీ ఆమే. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

కొండ కింద వ్యాన్ల దగ్గర ఈ సంగతి చెబితే దామోదర్ నవ్వేశాడు. ఈ ప్రయాణం ఏర్పాటు అతనిదే. కొండ మధ్యలో గిన్నెలా ఉన్న లోయలోకి వెళ్ళి, నిటారు వాలు కింద అందరితో ఫోటో దిగాలని అతని పట్టు.

"మోడరేటంటే ఒక మోస్తరే కదా వదినగారూ! మన రేడియోలో ఒక మోస్తరు వర్షాలంటే గొడుగైనా తీసేవాళ్ళమా?"

"మధ్యాహ్నానికి హై అన్నారండీ. మనం అక్కడికి చేరేదే మధ్యాహ్నానికి."

"లాయర్లకి భయపడి అలాగే చెప్తారు. అంతా లయబిలిటీ!"

"మా ఇంట్లోనే వెదర్ బ్యూరో ఉంది," అన్నాడు ఆమె భర్త సూర్యప్రకాశ్. అందరూ నవ్వారు. "వసూ, ఇంత దూరం డ్రైవ్ చేసొచ్చి వెనక్కి పోతామా?"

కూతురు విద్య అప్పటికే టోపీ పెట్టుకుని తండ్రి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ప్లీజ్. దామోదర్ అంకుల్ ఓకే అన్నాడు కదా."

ఇంకా వాదించే ఓపిక వసుమతికి లేదు. విద్య టోపీ చెవులమీదికి లాగబోయింది. అంతలో గట్టిగా తుమ్మొచ్చింది.

మెటలర్జీలో పీహెచ్‌డీ చేసిన దామోదర్ ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"ఒకటేనా? రెండోది కూడా కానివ్వండి వదినగారూ. జంట తుమ్ములైతే దోషం లేదు."

అందరూ ఆమె ముక్కువైపే చూస్తున్నారు. రెండోది నిజంగానే వస్తోంది. వసుమతి కొండవైపు తిరిగి, నాలుక అంగిటికి అదిమి, చేతితొడుగుతో ముక్కు నొక్కేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుమ్ము వెనక్కి పోయింది.

"లేదండీ. ఒకటే."

"ఛ! సరే, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి కదులుదాం," అన్నాడు సూర్యప్రకాశ్.

మంచినీళ్ళ తర్వాత ఫ్లాస్కులో కాఫీ బయటికొచ్చింది. కాఫీ అయ్యాక ఎవరో పులిహోర గిన్నె మూత తీశారు. తిని చేతులు కడుక్కునేసరికి గాలి లేచింది. ఇప్పుడు పైకెళ్తే చీకటి పడేలోగా దిగలేమని దామోదరే లెక్క తేల్చాడు. అడవిలో కింది దారిన గడ్డకట్టిన జలపాతం దాకా వెళ్ళొచ్చారు.

"ఒక్క చరియైనా పడిందా?" అని సూర్యప్రకాశ్ దారంతా ఎత్తిపొడిచాడు.

"ఫోటో పోయింది మీ తుమ్ము వల్ల," అని దామోదర్ మూతి ముడుచుకున్నాడు.

సాయంత్రం వ్యాన్ ఎక్కబోతుంటే మళ్ళీ తుమ్మింది. అందరూ ఆగిపోయారు.

"ఒకటేనా?" అన్నాడు భర్త.

ఇంటికి పోయి పడుకుంటే చాలనుంది ఆమెకు. రెండోదాని కోసం నోరు తెరిచి చూసింది. రాలేదు. చలిలో వ్యాన్ మెట్టుమీద కూలబడి, విద్య అందించిన నీళ్ళు గుక్కెడు తాగింది. విద్య జరిగి ఆమెకు ఆనుకుని కూర్చుంది.