కొండ ముందు మనిషి

అక్క తన కుట్టు దుకాణానికి తాళం వేసి, అందులో కాజాలు కుట్టే ఆవిడను వెంటబెట్టుకుని మరీ చెల్లెలి ఫొటోల ప్రదర్శనకు వచ్చింది. "గోడంత ఫొటోల్లో నేనుంటాను, చూద్దువుగాని రా" అని కొన్నాళ్లుగా ఆవిడను ఊదరగొడుతూనే ఉంది.

ఉండకేం మరి! చెల్లెలు కెమెరా పట్టుకుని తిరిగిన ప్రతిచోటికీ తోడు వెళ్లింది తనే. "కొండ ఎంత పెద్దదో తెలియాలంటే దాని ముందు ఓ మనిషి ఉండాలక్కా. కదలకు" అనేది చెల్లెలు. ఇసుకలో, మంచులో, ఈడ్చికొట్టే గాలిలో అక్క కొయ్యబొమ్మలా నిలబడేది. చెప్పిన రోజుకి బట్టలివ్వలేదని ఇక్కడ గిరాకీలు తిట్టిపోసేవారు. అయినా ఒక్క ప్రయాణమూ మానలేదు. బస్సులో చెల్లెలు తన భుజం మీద తల వాల్చి నిద్రపోతే చాలు, ఆమెకు కడుపు నిండిపోయేది.

గోడ మీద కొండ ఉంది. అక్క లేదు.

కాజాల ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఫొటోకు ముక్కు ఆనించినంత పని చేసింది. "ఏదీ వదినా? ఈ నల్లచుక్కా?"

"అది రాయి."

"పోనీ ఇదా?"

"అదీ రాయే."

ఇసుక తిన్నెల ఫొటోలో అక్క తనే వెతుక్కుంది. తను నిలబడ్డ చోటు బాగా గుర్తు. అడుగుల జాడ కూడా లేకుండా నున్నగా తుడిచేసి ఉంది.

అవతల చెల్లెలి చుట్టూ జనం. ఎవరో అడిగారు: "ఇన్ని చోట్లకీ ఒక్కరే వెళ్లారా మేడమ్? భయం వేయలేదా?"

చెల్లెలు అక్కను చూసింది. చూసి, చూపు తిప్పుకుంది. "ఒక్కదాన్నేనండీ. తోడుంటే ఇలాంటివి తీయలేం."

జనం పలచబడ్డాక వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. "కోపమా? మనిషి ఉంటే చూపంతా మనిషి మీదికే పోతోందక్కా. అందుకే తీసేశాను."

"ఫొటోలోంచి తీసేశావు, సరే. మాటల్లోంచి కూడా తీసేశావేమే?"

"అబ్బా, జనానికి అలా చెబితేనే బాగుంటుంది. ఇంతోటిదానికి మూతి ముడుస్తావా? పైనెల ఎడారికి వెళ్తాంగా, అక్కడ నిన్ను దగ్గరగా తీస్తాలే."

"ఒక్కదానివే వెళ్లు. అబద్ధమాడే పనుండదు."

చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి ఆగిపోయింది. అక్క మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

వీధిలో అక్క అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మలుపు దగ్గర ఆగింది. వెనక ఎవరూ రావడం లేదు.

"ఏం వదినా, కాళ్లు నొప్పులా?" అంది కాజాల ఆవిడ.

"ఆఁ, నొప్పులే" అంది అక్క.