ఓబులమ్మ కాలి కొలత

పొద్దుటి ఫలహారానికి ఉగ్గాని చేసేటప్పుడు బొరుగులు మరీ నానితే ముద్దవుతాయి, నానకపోతే గొంతుకు అడ్డం పడతాయి. మధ్యలో ఉండే ఆ ఒక్క నిమిషంలో నీళ్ళు పిండేయాలి. సరిగ్గా ఆ నిమిషంలోనే లక్ష్మీపతి ముందుగదిలోంచి "సునందా, ఒకసారి ఇట్లా రా" అని పిలుస్తాడు. పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆ నిమిషాన్ని అంత కచ్చితంగా ఎలా పసిగడతాడో సునందకు అంతుపట్టలేదు.

"చేతులు తడి. ఆడినుంచే చెప్పండి."

"నీ ఉపన్యాసం రాసినా, విను." గొంతు సవరించుకుని చదివాడు. "'నేను బాల్యంలో ఎన్నో కష్టాలు పడ్డాను. చదువు, దైవభక్తి, కుటుంబ ప్రోత్సాహం నన్ను టీచరును చేశాయి. ముఖ్యంగా మా అత్తగారు శ్రీమతి హనుమంతమ్మ గారు, నా భర్త శ్రీ లక్ష్మీపతి గారు నా వెన్నంటి నిలబడకపోతే...'"

"నాకు ఉద్యోగం వచ్చినాక కదా మీరు పెళ్ళిచూపులకొచ్చింది?"

"అదంతా ఎవురడుగుతారు? పెద్ద నాయకుడు వస్తాండాడు. మా అమ్మ ముందు వరసలో కూచ్చుంటాది. ఉన్నదున్నట్టు చెప్తే ఏం బాగుంటాది?"

బత్తలపల్లె ఆడపిల్లల హాస్టల్లో ఆ రోజే, శనివారం పదకొండు గంటలకు సభ. కష్టాలు గెలిచిన ఆడపిల్లగా సునంద మాట్లాడాలి. ఎరువుల అంగడి పెట్టుకున్న లక్ష్మీపతికి నాయకుడి పక్కన నిలబడి ఒక ఫోటో కావాలి. ఆ ఫోటో కోసం ఆమె చిన్నతనాన్ని కూడా ఆయనే రాసిపెట్టాడు.

ఉన్నదున్నట్టు చెప్తే ఇంతే. సునంద ఆరో తరగతిలో ఉండగా నాయన బెంగళూరుకు కూలికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అమ్మ ఓబులమ్మ వేరుశనగ చేలల్లో కలుపు తీసి, కాయలు ఒలిచి బతుకు ఈడుస్తూ, కూతుర్ని కొత్తచెరువులో హాస్టల్లో వేసింది. మొదటి నెలలోనే సునంద మూడుసార్లు పారిపోయి వచ్చింది. మూడోసారి అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. ఊరి బయట ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి, గడప ముందు తన చెప్పులు విడిచేసింది. "సామీ, నా బిడ్డ చదివి టీచరై, సొంత జీతంతో చెప్పులు కొని, ఈ గడప కాడ తన చేత్తో తొడిగిందాక నేనింగ చెప్పులెయ్యను" అంది. ఆ పూటే వట్టికాళ్ళతో ఆరు మైళ్ళు నడిపించుకుపోయి హాస్టల్లో దింపి వచ్చింది. తర్వాత సునంద ఒక్కసారి కూడా పారిపోలేదు. ఎండకు కాలే గుండ్రాళ్ళ మీద అమ్మ పాదాలు గుర్తొస్తే, రానని మొండికేసిన లెక్కలు కూడా వచ్చేవి.

కొత్త టీచర్లకు మొదటి జీతం పడటానికి నెలలు పడుతుంది. ఉద్యోగం వచ్చిన పిల్లను ఇంకెవరు ఎగరేసుకుపోతారోనని లక్ష్మీపతి వాళ్ళు ఆ నెలల్లోనే పెళ్ళి చేసుకుపోయారు. జీతం చేతికొచ్చేసరికి ఆమె ఈ ఇంటి కోడలు. ఈ ఇంట్లో కొత్త కోడలు ముందుగా ఇంటి దేవతకు దేవర చేయాలి, ఆ తర్వాతే ఏ మొక్కయినా తీర్చాలి. దేవరంటే మాటలా? బంధువులంతా రావాలి, పొట్టేళ్ళను కోయాలి, ఊరికి భోజనాలు పెట్టాలి, దానికి పంట పండాలి. మొదటి ఏడు వాన రాలేదు. రెండో ఏడు వచ్చిన వాన పూత మీద కురవకుండా, పీకి ఆరేసిన వేరుశనగ చెట్ల మీద కురిసింది. మూడో ఏడు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ కాన్పు. నాలుగో ఏడు మళ్ళీ వాన లేదు. ఇక్కడ మబ్బు పట్టకపోతే అక్కడ ఓబులమ్మ కాళ్ళకు చెప్పుల్లేవు. ఇదెక్కడి లెక్కో, లెక్కల టీచరైన సునందకే అర్థం కాలేదు.

ఫోన్ మోగింది. అమ్మ పక్కింట్లో ఉండే మారెక్క.

"పాపా, మీయమ్మ చెప్పొద్దనింది, నేనే చెప్తాండా. అరికాల్లో ముల్లు దిగి నెలయింది, మానలా. నిన్న ఆస్పత్రికి తోడుకొని పోతే సుగరని చెప్పినారు. చెప్పులెయ్యకుంటే కాలికే మోసమొస్తాదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈమె యిననంటాంది. మొక్కు తీరలేదంట. కట్టు కట్టిన కాలు మట్టిలో పెట్టి నడుస్తాంది పాపా."

సునంద తడి చేతులతోనే ముందుగదిలోకి వచ్చింది. "అత్తా, అమ్మ కాలు బాగలేదు. ఈ పొద్దు పోయి మొక్కు తీర్చొచ్చేదా?"

హనుమంతమ్మ తల దువ్వుకుంటూ, అద్దంలోంచి కూడా చూడలేదు. "దేవర కానిదే ఎట్లా పోతావమ్మే? ఇంటికి కీడు తగిల్తే ఎవురు పడేది? మీయమ్మ మొక్కుకుంటే దానికి మేమేం జేస్తాం? ఇన్నేండ్లు ఆగింది, ఇంకొక ఏడు ఆగలేదా?"

"మీటింగు పెట్టుకొని ఇప్పుడా?" అన్నాడు లక్ష్మీపతి. "రేపు మాట్లాడదాంలే. ముందు ఉగ్గాని పెట్టు."

పెట్టింది. పప్పుల పొడి చల్లింది, బజ్జీలు కూడా వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇద్దరూ తింటూ నాయకుడికి శాలువా ఎవరు కప్పాలా అని మాట్లాడుకున్నారు. అమ్మ కాలు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గిన్నెలు కడిగి, చీర మార్చుకుని బయల్దేరుతుంటే, హాస్టలుకే ముందుగా పోతోందనుకుని లక్ష్మీపతి ఉపన్యాసం కాగితం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని టీవీ మీద పెట్టేసి, బస్టాండుకు పోయి ధర్మవరం బస్సెక్కింది.

ధర్మవరంలో బస్సు మారాలి. బస్టాండు ఎదురుగా చెప్పుల అంగడి.

"సుగరున్నోళ్ళు వేసుకునే మెత్తటి చెప్పులు కావాల. మా అమ్మకు."

"ఏం సైజక్కా?"

సునందకు లక్ష్మీపతి చొక్కా సైజు తెలుసు. అత్తగారి జాకెట్టు కొలత తెలుసు, భుజం దగ్గర ఎంత వదులు పెట్టాలో కూడా తెలుసు. ఆడబిడ్డ కొడుకు కాలికి ఏ నంబరు బూటు పడుతుందో తెలుసు. తనను కన్న మనిషి కాలు ఎంతుంటుందో తెలియదు. ఎలా తెలుస్తుంది, పదిహేడేళ్ళుగా ఆ కాలికి ఎవరైనా ఏమైనా కొంటే కదా! మారెక్కకు ఫోన్ చేసి కొలిచి చెప్పమంది.

"జానా మీద రెండు వేళ్ళు," అంది మారెక్క. "వెడల్పుది తీసుకో పాపా. కాలు బాగా పరుచుకుపోయిండాది."

కొత్తచెరువులో ఆటో మాట్లాడుకుని ఊరికి పోయి, ఇంటి ముందు నుంచి అమ్మను నేరుగా గుడికి తీసుకుపోయింది. ఓబులమ్మ గడప ముందు కూర్చుంది కానీ కాళ్ళు చీర కిందికి ముడుచుకుంది.

"మీ అత్త ఒప్పుకున్న్యాదా? దేవర కాలేదు కదమ్మా. నీ కాపురానికేమన్నా అయితే?"

"మొక్కుకున్న్యప్పుడు ఆమెనడిగినావా?"

"లేదు."

"మరి ఇప్పుడేమిటికి?"

అనేసి సునంద తనే ఆగిపోయింది. నాలుగేళ్ళుగా ఇంటికి ఎవరూ తాళం వేయలేదు. ధర్మవరం బస్సు రోజూ తిరుగుతూనే ఉంది. వాళ్ళు కీడన్నారు, వాన లేదన్నారు, వద్దన్నారు. తను ప్రతిసారీ పోయి అడిగింది. పొద్దున కూడా, అమ్మ కాలు పాడవుతోందని విన్నాక కూడా, తడి చేతులతో పోయి "తీర్చొచ్చేదా" అనే అడిగింది. వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది.

అమ్మ కాళ్ళు బయటికి లాగింది. మడమల నిండా పగుళ్ళు, పగుళ్ళలో ఎర్రమట్టి. కొంగు తడిపి తుడిచి, కట్టుకు తగలకుండా ఒక్కో చెప్పూ తొడిగి, పట్టీలు బిగించింది. ఓబులమ్మ స్వామికి దండం పెట్టి, కూతురి భుజం పట్టుకుని లేచింది. ఒక అడుగు వేసి తూలింది. పదిహేడేళ్ళు నేలను వేళ్ళతో పట్టి నడిచిన మనిషి, ఇప్పుడు నీళ్ళలో నడిచినట్టు కాళ్ళు ఎత్తెత్తి వేస్తోంది.

"నేల యాడుండాదో తెలీడం లేదే!" అని నవ్వుతూనే ఏడ్చింది.

ఫోన్ మోగింది. లక్ష్మీపతి. వెనక మైకులో ఎవరో దగ్గుతున్నారు.

"యాడుండావ్? నాయకుడొచ్చి కూచ్చున్నాడు. మా అమ్మ ముందు వరసలో ఉండాది. అందరూ నీకోసం చూస్తాండారు!"

"మా ఊరి గుడి కాడుండా. మొక్కు తీర్చినా."

"ఎవుర్నడిగి పోయినావ్?"

"ఎవుర్నీ అడగలా."

"ఎప్పుడొస్తావ్ మరి?"

గోడ పట్టుకుని నాలుగడుగులు పోయి, అక్కడ ఆగి, పడకుండా వెనక్కి తిరగడం ఎలాగా అని చూస్తోంది ఓబులమ్మ.

"తెలీదు," అంది సునంద. "అమ్మ నడక నేర్చుకుంటాంది."